మా దేవుడి గూట్లో ఉన్న ఈ బిళ్ళ ఏందో ఎవరికన్నా తెలుసా?

కనిగిరి_చేను · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళ నుంచి చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

మాది కనిగిరి పక్కన పల్లె. దసరా వస్తా ఉందని మా అమ్మ దేవుడి గూట్లో సామానంతా దించి నా ముందర కుప్ప పోసింది, నానేసిన చింతపండు గిన్నెతో సహా. కుందులు, గంట, హారతి పళ్ళెం, వాటి మధ్య ఈ బిళ్ళ. పుట్టినప్పటి నుంచి చూస్తా ఉండా గానీ చేతిలోకి తీసుకుని చూసింది లేదు.

మజ్జిగ చెంబు మీద మూతగా సరిపోయేంత ఉంటుంది. కంచు అనుకుంటా, బరువుగా ఉంది. వెనక వైపు ఏమీ లేదు. ముందు వైపు ఒక ఆడమనిషి నిలబడి ఉంది, నెత్తిన కిరీటం లాంటిది, ఒక చేతిలో త్రిశూలం, ముందర పెద్ద సింహం. రెండో చెయ్యి చాపి దండ లాంటిది పట్టుకుని ఉంది. ఆ దండ కింద, సింహం తల పైన, పలక మాదిరి ఒక గడి. గడిలో ఏమీ లేదు, నున్నగా ఉంది.

మా ఇంట్లో దీన్ని 'బస్రా అమ్మవారు' అంటారు. నవరాత్రులు తొమ్మిది రోజులూ మిగతా దేవుళ్ళతో పాటే పసుపు, కుంకుమ, నైవేద్యం. బస్రా అంటే బాసర సరస్వతే అయ్యుంటుంది, నోరు తిరగక అట్లా అన్నారేమో అనుకునేవాణ్ణి. అయితే సరస్వతికి సింహం యాడిది?

ఇంకో విచిత్రం. తోముతా ఉంటే అంచు చుట్టూ అక్షరాలు బయటపడినాయి. ఇంగ్లీషు. 'హీ డైడ్ ఫర్' దాకా చదివినా. ఆ తర్వాత కుంకుమ గట్టిపడిపోయి ఉంది. ఫోటో పెడదామంటే మా నాయన ఒప్పుకోవడం లేదు, దేవుడి బిళ్ళను ఫోన్లోకి ఎక్కించొద్దంట. మాటల్లోనే చెప్పినా, ఎవరికన్నా అంతు పడితే చెప్పండి.

పెన్నా_గట్టు · శనివారం, రాత్రి 9:58

అమ్మవారి చుట్టూ 'వాడు చచ్చాడు' అని రాసుందంటే మహిషాసురుడి సంగతే అయ్యుంటుంది నా. ఇంగ్లీషు మీడియం అమ్మవారు.

నిధి_వేట · శనివారం, రాత్రి 10:15

*[ఈ పోస్టు తొలగించబడింది]*

మోడరేటర్ · శనివారం, రాత్రి 10:31

రైస్ పుల్లింగ్, ఇరిడియం, 'మా పార్టీ రెండు కోట్లిస్తుంది' అంటూ పాత లోహానికి మహిమ ఉందని చేసే మోసాల బాపతు పోస్టులు ఇక్కడ వద్దని ఎన్నిసార్లు చెప్పాలి? కనిగిరి_చేను గారూ, మీకు ప్రైవేటుగా ఎవరైనా మెసేజ్ పెడితే పట్టించుకోకండి. బిళ్ళను ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

మాజీ_తంబి · ఆదివారం, ఉదయం 5:50

కనిగిరి_చేను బాబూ, మాది గిద్దలూరు వైపు. బెంగళూరు అలసూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్స్‌లో ఇరవై నాలుగేళ్ళు చేసి వచ్చినవాణ్ణి. సాపర్లంటే సైన్యంలో రోడ్లు, వంతెనలు కట్టే ఇంజనీర్ల దళం. మమ్మల్ని సైన్యంలో తంబీలంటారు, అందుకే ఈ పేరు. నీ పోస్టు రాత్రే చూశాను. తెల్లారి లేచి రెండోసారి చదివి రాస్తున్నాను.

అది అమ్మవారి బిళ్ళ కాదేమో బాబూ. నొచ్చుకోకు. ముందు నాలుగు సంగతులు చూసి చెప్పు.

ఒకటి, స్కేలు పెట్టి అడ్డంగా కొలువు. 120 మిల్లీమీటర్లు రావాలి. రెండు, సింహం కాళ్ళ కింద, బిళ్ళ అడుగు భాగంలో, ఇంకో చిన్న సింహం గద్దను పట్టి కొరుకుతూ ఉండాలి. మూడు, ఆమెకు అటూ ఇటూ చేపల్లాంటివి రెండు ఉండాలి, డాల్ఫిన్లు. నాలుగు, పెద్ద సింహం ముందుకాలి దగ్గర చీమంత అక్షరాలు, ఈ, సీ, ఆర్, పీ.

ఈ నాలుగూ ఉంటే మిగతాది నేను చెప్తాను.

కనిగిరి_చేను · ఆదివారం, ఉదయం 8:20

సార్, ఒళ్ళు జలదరించింది. మా పాప జామెట్రీ బాక్సులో స్కేలుతో కొలిచినా, పన్నెండు సెంటీమీటర్లు కరెక్టుగా. గద్ద ఉంది. దాన్ని మేము ఇన్నేళ్ళు రాక్షసుడు అనుకున్నాం. చేపలు ఉండాయి. అక్షరాలకు భూతద్దం కావాల్సొచ్చింది, మీరు చెప్పినవే.

అంచు మీద కుంకుమ కూడా పుల్లతో గీకినా. 'హీ డైడ్ ఫర్ ఫ్రీడమ్ అండ్ ఆనర్'.

మాజీ_తంబి · ఆదివారం, ఉదయం 9:05

అయితే అనుమానం లేదు. 1914-18 యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోరాడి చనిపోయినవాళ్ళ ఇళ్ళకు పంపిన స్మారక ఫలకం అది. ఆ స్త్రీ బ్రిటానియా, బ్రిటన్ దేశానికి రూపం. ఆమె చేతి కింద గడిలో చనిపోయినవాడి పేరుంటుంది. సముద్రం మీద అధికారానికి గుర్తుగా శూలం, డాల్ఫిన్లు. గద్ద అంటే జర్మనీ వైపు వాళ్ళు. యుద్ధం జరుగుతుండగానే నమూనాలకు పోటీ పెట్టారు, 800కు పైగా వచ్చాయి. గెలిచిన శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్, ఆ చీమంత అక్షరాలు ఆయనవే. యుద్ధం అయ్యాక 13 లక్షలకు పైగా పోతపోసి పంచారు. బిళ్ళతో పాటు రాజు సంతకం అచ్చువేసిన ఒక ఉత్తరం, ఒక పత్రం కూడా వచ్చేవి. మీ ఇంట్లో కాగితం ఉండి ఉంటే చెదలు తినేసి ఉంటాయి.

ఇక బస్రా. అది బాసర కాదు బాబూ. ఇరాక్‌లో ఊరు, ఓడరేవు. అప్పట్లో మెసొపొటేమియా అనేవాళ్ళు. 1914 నవంబర్‌లో మన ఇండియన్ ఆర్మీ దిగి పట్టుకున్నది ఆ ఊరినే. మద్రాస్ సాపర్లు ఆ దేశంలో ఏళ్ళ తరబడి రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు, చచ్చారు.

మీ వంశంలో బస్రా పోయిన మనిషి ఎవరు?

కనిగిరి_చేను · ఆదివారం, మధ్యాహ్నం 1:10

సార్, మా నాయనకు చదివి వినిపించినా. కాసేపు ఏమీ మాట్లాడలా. తర్వాత 'బస్రా జేజి' అన్నాడు.

మా తాతకు పెదనాయన ఒకాయన ఉండేవాడంట. పెళ్ళయిన రెండో ఏడు సైన్యంలోకి పోయినాడు, తిరిగి రాలా. పిల్లల్లేరు. ఆయన భార్య మా ఇంట్లోనే ఉండి 1968లో పోయింది. మా నాయన చిన్నప్పుడు ఆమెను చూసినాడు. ఆమెను ఊరంతా బస్రా జేజి అనేది. మా ఇళ్ళల్లో ఇప్పటికీ ఎవరన్నా పనిమీద పోయి రాకపోతే 'బస్రా పోయినాడా ఏంది' అంటారు. నేనే మా వాణ్ణి పాల ప్యాకెట్టుకు పంపించి ఎన్నిసార్లు అన్నానో. మాట నోట్లో ఉంది, మనిషి లేడు.

పేరు మాత్రం మా నాయనకు తెలీదు. 'బస్రా తాత' అనే తెలుసు. గడిలో పేరుంటుంది అన్నారు కదా, అక్కడ అక్షరం ముక్క లేదు.

ఎర్ర_చొక్కా · ఆదివారం, మధ్యాహ్నం 2:45

బాధ కలిగించాలని కాదు గానీ, ఒక్కమాట అనకుండా ఉండలేను. 'స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం చనిపోయాడు' అంట. ఎవరి స్వేచ్ఛ? ఈ యుద్ధం ముగిసీ ముగియకముందే 1919లో రౌలట్ చట్టం, అదే ఏడు ఏప్రిల్‌లో జలియన్‌వాలాబాగ్. ఒక చేత్తో కాల్పులు, ఇంకో చేత్తో కంచు బిళ్ళలు. తెల్లవాడి దేశాన్ని తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకుని వందేళ్ళు హారతి ఇచ్చాం. ఇంతకన్నా ఏం కావాలి వాళ్ళకి?

పెన్నా_గట్టు · ఆదివారం, మధ్యాహ్నం 2:52

బ్రిటానియాకు పసుపు రాసి, పొంగలి నైవేద్యం పెట్టి, పక్కన పోలేరమ్మను కూర్చోబెట్టారంటే గెలిచింది ఎవరో ఆలోచించు నా. లండన్‌లో ఆమెకు ఈ భోగం లేదు.

మాజీ_తంబి · ఆదివారం, సాయంత్రం 4:30

ఎర్ర_చొక్కా గారు అడిగింది తప్పు కాదు. మేము యూనిఫారంలో ఉన్నప్పుడూ అడుక్కున్నదే. నా సమాధానం వేరే. అప్పుడు సిపాయికి నెలకు 11 రూపాయలు జీతం. కనిగిరి, పొదిలి, మా గిద్దలూరు, ఈ మెట్ట నేలల్లో వాన ఎప్పుడు పడుతుందో ఎవడికీ తెలియదు. నెల నెలా చేతికొచ్చే 11 రూపాయలు అంటే ఏమిటో ఆలోచించండి. సామ్రాజ్యం సంగతి ఆ కుర్రాడికి ఏం తెలుసు? మొత్తం ఇండియా నుంచి ఆ యుద్ధానికి సుమారు 13 లక్షల మంది పోయారు, 74 వేల మందికి పైగా చనిపోయారు. అందరూ రాజభక్తులేనంటే నేను నమ్మను.

కనిగిరి_చేను · ఆదివారం, సాయంత్రం 6:00

మా తాత ఒక మాట అనేవాడంట, ఇప్పుడే మా నాయన చెప్పినాడు. 'ఆ ఏడు సజ్జ పండుంటే మా పెదనాయన చేలోనే ఉండేవాడు.'

ఎర్ర_చొక్కా · ఆదివారం, సాయంత్రం 6:20

ఆ మాట ముందు నా దగ్గర వాదన లేదు. వెతకండి, చదువుతాను.

కావలి_కనకం · ఆదివారం, రాత్రి 8:15

ఈ టాపిక్ చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకు పెద్దన్న, అంటే నాకు మేనమామ, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోయాడు. 1945 మార్చి, మాండలే చుట్టుపక్కల. టెలిగ్రాం వచ్చింది గానీ అందులో తేదీ తడిసిపోయి కనపడలేదట. దాంతో తద్దినం ఏ తిథికి పెట్టాలో తెలియక మా అమ్మమ్మ ఏటా మహాలయ అమావాస్యకే పెట్టించేది. తిథి తెలియనివాళ్ళకు అదే కదా దారి. పంతులుగారు గోత్రం, పేరు చెప్పి 'యుద్ధే మృతస్య' అనేవారని మా అమ్మ చెప్పేది.

నాలుగేళ్ళ క్రితం మా అన్న కొడుకు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, అంటే యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ, వాళ్ళ వెబ్‌సైట్లో వెతికితే దొరికాడు మా మామ. రంగూన్ మెమోరియల్ మీద పేరు ఉంది. రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్ అనే చోట ఉంటుంది ఆ కట్టడం. సమాధి లేనివాళ్ళ పేర్లు దాదాపు 27 వేలు ఆ స్తంభాల మీద చెక్కారు. దహనం చేసినవాళ్ళ కోసం అక్కడే వేరే స్మారకం ఉంది.

తేదీ చేతికొచ్చాక పంతులుగారు పాత పంచాంగం లెక్క కట్టి తిథి చెప్పారు. ఇప్పుడు ఆ తిథికే పెడుతున్నాం. మా అమ్మ అప్పటికి లేదు.

వెబ్‌సైట్లో వెతకడానికి డబ్బేమీ అడగరు. మధ్యలో ఎవరైనా 'రికార్డు తీయిస్తాం, ఫీజు కట్టండి' అంటే కట్టకండి.

పాత_కాగితాలు · సోమవారం, ఉదయం 7:10

ఒంగోలులో బడిపంతులుగా చేసి దిగాను, ఇప్పుడు పాత రికార్డులు వెతకడమే కాలక్షేపం. వెతికే ముందు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి, లేకపోతే వారం రోజులు వెతికి 'లేడు' అనుకుని మూసేస్తారు.

మొదటిది జిల్లా. ప్రకాశం జిల్లా అని వెతికితే ఒక్కడూ దొరకడు. ఆ జిల్లా పుట్టింది 1970లో, అదీ ఒంగోలు జిల్లాగా. ప్రకాశం పేరు 1972లో పెట్టారు. ఆ యుద్ధం నాటికి కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు అన్నీ నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లా. మా ఒంగోలు 1904 దాకా నెల్లూరు, ఆ తర్వాత గుంటూరు. కందుకూరువాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, 2022లో మళ్ళీ నెల్లూరులోకి పోయారు. మనిషి కదలకుండానే జిల్లాలు మారాడు.

రెండోది పల్టన్ పేరు. మాజీ_తంబి గారికి తెలిసే ఉంటుంది, ఆ యుద్ధం నాటికి మద్రాస్ సాపర్ల పేరులో 'మద్రాస్' అన్న మాట లేదు. 'సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్' అని ఉంటుంది. మద్రాస్ అన్నది 1923లో తిరిగొచ్చింది.

మూడోది, అసలు తలనొప్పి, పేరు. ఇంటిపేరు సాధారణంగా ఉండదు. వెంకటయ్య అనే పేరునే నేను ఏడు రకాల స్పెల్లింగుల్లో చూశాను. వ స్థానంలో 'వీ' ఉంటుంది, 'డబ్ల్యూ' ఉంటుంది. 'య్య'ను ఒక గుమాస్తా 'ఐ-ఏ-హెచ్' అని రాస్తే ఇంకొకడు 'వై-ఏ' అని వదిలేశాడు. రాసినవాడు తెలుగువాడు కాదు, చెప్పినవాడికి ఇంగ్లీషు రాదు. ఊరి పేర్లయితే ఇంకా ఘోరం. పైకి చదవాలి, కళ్ళతో చూస్తే అంతుపట్టదు.

ఇంకో చేదు నిజం. బస్రాలో మెసొపొటేమియా మృతుల కోసం 1929లో పెద్ద స్మారకం ఆవిష్కరించారు, 40 వేలకు పైగా మందిది. తెల్లవాళ్ళ పేర్లు, ఇండియన్ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకు పల్టన్ కింద 'ఇంతమంది' అని అంకె వేసి సరిపెట్టారు. వార్ గ్రేవ్స్ కమిషనే వేసుకున్న కమిటీ 2021లో నివేదిక ఇచ్చింది, ఆ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా మనుషుల్లో 45 వేల నుంచి 54 వేల మందిని తెల్లవాళ్ళతో సమానంగా స్మరించలేదని. క్షమాపణ కూడా చెప్పారు. అయితే పేర్లు రిజిస్టర్లలో ఉండిపోయాయి. ఇప్పుడు వెబ్‌సైట్లో అవి కనపడతాయి.

కువైట్_ఒంగోలు · సోమవారం, మధ్యాహ్నం 12:40

నేను కువైట్‌లో క్రేన్ ఆపరేటర్ని. అన్నా, బస్రా నేనున్న చోటికి నూట ముప్పై, నూట నలభై కిలోమీటర్లు. బోర్డరు దాటనివ్వరు గానీ ఎండ ఒకటే. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. ఇనుము ముట్టుకుంటే బొబ్బ లేస్తుంది. ఏసీ క్యాబిన్‌లో కూర్చునే నాకే జులైలో ముక్కులోంచి రక్తం వస్తుంది. వందేళ్ళ కింద గుడారాల్లో, ఆ ఉన్ని బట్టలతో...

ఆ స్మారకం ఇప్పుడు బస్రాలో లేదంట. సద్దాం హుస్సేన్ 1997లో పీకించి నాసిరియా రోడ్డులో 32 కిలోమీటర్ల అవతల ఎడారిలో పెట్టించాడని మా సైట్లో ఇరాకీ ఫోర్‌మన్ చెప్పాడు, నెట్లో చూస్తే నిజమే.

కనిగిరి_చేను · మంగళవారం, రాత్రి 10:05

రెండు రోజులు నిద్ర లేదు. చెప్తా వినండి.

మా పాపకు ఐడియా వచ్చింది. చిన్నప్పుడు మనం పావలా బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్ళం కదా, అట్లా చేద్దాం నాన్నా అనింది. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ను పడుకోబెట్టి మెల్లగా రుద్దింది. మొదట ఏమీ రాలా. నాలుగో కాగితానికి బూడిద రంగులో ఏవో గీతలు తేలినాయి. ముందు ఒక నిలువు గీత, దానికి రెండు పొట్టలు. మధ్యలో మూడు నాలుగు అక్షరాలు గల్లంతు. చివర్లో 'ఏ', 'హెచ్'. టార్చిలైటు పక్క నుంచి వేసి చూస్తే ఇంకో రెండు పడినాయి. కలిపితే పేరు వచ్చింది. ఇక్కడ రాయను, మా నాయన వద్దన్నాడు. మా తాత పేరు కూడా అదే. తమ్ముడి కొడుక్కు ఆ పేరే పెట్టుకున్నారని ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ పేరుతో వెబ్‌సైట్లో వెతికినా. పాత_కాగితాలు సార్ చెప్పినట్టు నెల్లూరు జిల్లా పెట్టి, రకరకాల స్పెల్లింగులు. చివరికి ముగ్గురు మిగిలినారు. ముగ్గురిదీ అదే పేరు, ముగ్గురూ మెసొపొటేమియాలోనే. ఒకరి కింద మా ఊరి పేరుంది. ఊరి పేరును ఎట్లా చంపినారంటే నేను మూడుసార్లు పైకి చదివితే గానీ తెలియలా. తండ్రి పేరు మా నాయనకు తెలుసు, అది సరిపోయింది. సాపర్. 1917 జులై రెండో వారం.

కావలి_కనకం · మంగళవారం, రాత్రి 10:12

అయ్యో నాయనా. ఏడ్చేశాను. అమావాస్యకు ఇంకా నాలుగు రోజులుంది. తేదీ తీసుకుని పంతులుగారి దగ్గరికి పోండి.

పాత_కాగితాలు · మంగళవారం, రాత్రి 10:40

1917 జులై అంటే పింగళ నామ సంవత్సరం, రెండో వారం ఆషాఢ బహుళంలో పడుతుంది. కచ్చితమైన తిథి పంతులుగారే కట్టాలి. అప్పటికి బాగ్దాద్ కూడా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చి నాలుగు నెలలు, మార్చి 11న పట్టుకున్నారు. ఆ జులైలో ఎండలకు, విరేచనాలకు, జ్వరాలకు పోయినవాళ్ళు చాలామంది.

మాజీ_తంబి · బుధవారం, ఉదయం 5:45

బాబూ, మా తంబీ దొరికాడు. సంతోషం.

ఒక్క విషయం నన్ను రాత్రంతా తొలుస్తోంది. వందేళ్ళు చింతపండుతో తోమితే బిళ్ళ మొత్తం ఒకేలా అరగాలి కదా. నువ్వేమో సింహం కాలి దగ్గర చీమంత అక్షరాలు కూడా కనపడుతున్నాయంటున్నావు. అంచు మీద అక్షరాలు బాగానే ఉన్నాయి. ఆమె మొహం ఎలా ఉంది? అరిగిందా?

కనిగిరి_చేను · బుధవారం, ఉదయం 7:30

లేదు సార్. ముక్కు, కన్ను, పెదవి అన్నీ చక్కగా ఉండాయి. గడి ఒక్కటే అరిగింది. గడి మధ్యలో వేలితో రాస్తే కొంచెం గుంట కూడా తగుల్తా ఉంది. నాకు ఇది తట్టనే లేదు.

పెన్నా_గట్టు · బుధవారం, ఉదయం 9:15

మేమంతా అమ్మవారికి బొట్టు నుదుట పెడతాం. మీ ఇంట్లో యాడ పెడతారు నా?

కనిగిరి_చేను · బుధవారం, రాత్రి 9:20

మా అమ్మను అడిగినా. 'గడిలోనే పెడతాం, మీ జేజి అట్లా నేర్పించింది' అనింది. మా జేజికి ఎవరు నేర్పించినారో తెలియాలంటే మా మేనత్త ఒక్కతే దిక్కు. పామూరులో ఉంటుంది, డెబ్భై ఏడేళ్ళు. సాయంత్రం బండేసుకుని పోయినా. బిళ్ళను గుడ్డలో చుట్టి తీసుకపోయినా.

మా అత్త బస్రా జేజి దగ్గరే పెరిగింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తా ఉండా.

'మా జేజి ఎర్రగా, సన్నగా ఉండేది. బొట్టు లేదు, గాజుల్లేవు. తెల్ల చీరే. శుభకార్యాలకు ముందుకొచ్చేది కాదు, వంటింట్లోనే ఉండేది. పొద్దున్నే స్నానం చేసి ఈ బిళ్ళ తీసి తుడిచి, కుంకుమ బరిణె అడిగేది. బరిణె ఆమె ముట్టుకోకూడదు కదా, నేనే అరచేతిలో కొంచెం పోసేదాన్ని. ఉంగరం వేలితో తీసి ఆ గడిలో పెట్టి, వేలు అట్లాగే కాసేపు తిప్పుతా ఉండేది. ఎవరు జేజీ ఈమె అంటే అమ్మవారమ్మా అనేది. అమ్మవారికి మొహానికి పెట్టాలి గదా అని ఒకసారి నేను మొహానికి పెడితే తుడిచేసింది. ఇక్కడే పెట్టాలి అనింది.'

బిళ్ళ ఇంటికి వచ్చిన రోజు సంగతి కూడా జేజి ఒకసారి చెప్పిందంట. డబ్బా మీద తెల్లోళ్ళ ముద్రలు చూసి ఎవరూ తీయలేక కరణం ఇంటికి తీసుకపోయినారంట. కరణం అరుగు మీద కూర్చుని కాగితం చదివి చెప్పి, ఆమెను దూరంగా నిలబెట్టి, చీపురుపుల్లతో గడి చూపించి, 'ఇదిగో, ఇక్కడ రాసుంది మీ వాడి పేరు' అన్నాడంట.

ఆమెకు చదువు రాదు.

కావలి_కనకం · బుధవారం, రాత్రి 9:31

అంటే ఆమెకు తెలుసు.

ఎర్ర_చొక్కా · బుధవారం, రాత్రి 9:50

యాభై ఏళ్ళు, రోజూ.

ఆదివారం నేను రాసింది తీసేయమంటే మోడరేటర్ గారు తీసేయొచ్చు.

మోడరేటర్ · బుధవారం, రాత్రి 10:02

తీయను. అది కూడా ఉండాలి.

కువైట్_ఒంగోలు · గురువారం, మధ్యాహ్నం 1:15

రాత్రి షిఫ్టులో చదివా, క్యాబిన్‌లో ఒక్కణ్ణే. మా ఆవిడకు ఫోన్ చేసి ఊరికే మాట్లాడినా అరగంట. ఎందుకు చేశావు అంటే చెప్పలేకపోయినా.

మాజీ_తంబి · గురువారం, సాయంత్రం 5:00

ఒక మనవి. ఇక చింతపండు పెట్టకు బాబూ. పీతాంబరి పొడి అసలు వద్దు. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఎండిన కుంకుమను గీకకు, గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన నూలుగుడ్డ పెట్టి ఉంచితే అదే వస్తుంది. పేరు ఎంత మిగిలితే అంత మిగలనీ.

బెంగళూరు వస్తే చెప్పు. సెంటర్‌లో మా పల్టన్ మృతుల స్మారకం దగ్గరికి తీసుకుపోతాను. లోపలికి వెళ్ళాలంటే పాస్ కావాలి, నేను చూసుకుంటాను. మీ నాయనను కూడా తీసుకురా.

కనిగిరి_చేను · పదిహేను రోజుల తర్వాత, శుక్రవారం, ఉదయం 11:10

దసరా అయిపోయింది, ఇప్పటికి తీరిక దొరికింది.

అమావాస్యకు పెద్దలకు పెట్టుకున్నాం. పంతులుగారు ఈ ఏడు ఇట్లా కానీండి, వచ్చే ఆషాఢం నుంచి తిథికి పెడదాం అన్నాడు. గోత్రం తర్వాత పేరు చెప్పమంటే మా నాయన గొంతు పెగల్లేదు, నేనే చెప్పినా.

బిళ్ళ గూట్లో పెట్టాలా, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాలా అని ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్లో, 'అది దేవుడు కాదు కదరా, ఇంకా పూజేంది' అంటాడు. మా అమ్మేమో గూట్లోంచి కదిపితే ఊరుకోనంది. నాకైతే రెండూ సరే అనిపించింది. చివరికి మా మేనత్తను పామూరు నుంచి తీసుకొచ్చినాం. మా మామ పోయి ఆరేళ్ళయింది. అష్టమి రోజు ఆమె చేతికే బరిణె ఇచ్చినాం. వద్దు వద్దు అని వెనక్కి జరిగింది. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గూటి దగ్గరికి తీసుకపోయింది. గడిలోనే పెట్టింది, వేలు కాసేపు అక్కడే ఉంచింది. అరుగుతుందని చెప్పబోయి ఊరుకున్నా.

మోడరేటర్ గారూ, ఈ టాపిక్ మూసేయొద్దు. నేను చెప్పిన ముగ్గురిలో మిగతా ఇద్దరిలో ఒకాయనది దర్శి తాలూకా, ఇంకొకాయనది రాపూరు తాలూకా. ఒకాయన 1916, ఒకాయన 1918. ఆ వైపు ఎవరింట్లోనన్నా దేవుడి గూట్లోనో, పెరుగు కుండ మీద మూతగానో ఇట్లాంటి బిళ్ళ ఉంటే ఇక్కడ రాయండి. తండ్రి పేర్లు నేను రాసి పెట్టుకున్నా.